వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’ అని ఉంటే బ్రిటన్‌లో ఏ సాయం అడగొచ్చు, ఏది ముట్టుకోకూడదు

నాకు ఆరో నెల నడుస్తున్నప్పుడు ఆఫీసులో మెటర్నిటీ పే గురించి అడిగాను. పేరోల్ చూసే ఆవిడ నా వీసా వివరాలు తెరిచి చూసి, “మీకు పబ్లిక్ ఫండ్స్ లేవు కదా, రాదు” అనేశారు. అంటే సర్కారు బెనిఫిట్స్ తీసుకోకూడదన్న షరతు నా వీసా మీద ఉందని. నేనూ నమ్మేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూడా “వీసా మీద రాసే ఉందిగా” అన్నాడు. తర్వాతి చెకప్‌లో మిడ్‌వైఫ్ మాటల మధ్య “మ్యాట్‌బీ1 సర్టిఫికెట్ ఆఫీసులో ఇచ్చారా?” అని, అంటే గర్భాన్ని ధ్రువీకరించే కాగితం గురించి, అడిగినప్పుడుగానీ, పేరోల్ ఆవిడ చెప్పింది తప్పని మాకు తెలియలేదు. ఇంకాస్త ఆలస్యం చేసుంటే కొన్ని వేల పౌండ్లు పోయేవి.

సరిగ్గా అదే సమయంలో మా పక్క వీధిలో ఉండే గుంటూరు వాళ్లు, పిల్లల ఖర్చుకి సర్కారు ఇచ్చే చైల్డ్ బెనిఫిట్‌కి అప్లై చేసేశారు. వాళ్ల వీసా మీద కూడా నాకున్న మాటే ఉంది. ఆస్పత్రిలో ఇచ్చిన కాగితాల కట్టలో ఆ బెనిఫిట్ గురించి ఉందట, బాబు ఇక్కడే పుట్టాడు కదా అని ఫారం నింపేశారు. అంటే రావాల్సిన దాన్ని నేను వదిలేసుకోబోయాను, రాకూడని దాన్ని వాళ్లు అడిగేశారు.

మన దగ్గర తెల్ల రేషన్ కార్డు ఉందంటే బియ్యం దగ్గర్నుంచి ఆరోగ్యశ్రీ దాకా చాలా తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి. అది లేకపోతే అన్నీ మూసుకున్నట్టే. ఆ అలవాటుతోనే మనం ఇక్కడా ‘నో పబ్లిక్ ఫండ్స్’ అన్న మాటని చూస్తాం. అయితే అన్నీ వస్తాయి, లేకపోతే ఏదీ రాదు అనుకుంటాం. ఇక్కడి లెక్క అది కాదు. ఏ సాయం చూసినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? కంపెనీ జేబులోంచా, జీతంలోంచి మనం కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్‌లోంచా, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) సోషల్ సర్వీసెస్‌లోంచా, లేక ఆదాయమో, కుటుంబ పరిస్థితో చూసి సర్కారు ఇచ్చే బెనిఫిట్టా? తంటా అంతా ఈ చివరిదాంతోనే.

ముట్టుకోకూడనివి

1999 నాటి ఇమిగ్రేషన్ అండ్ అసైలం చట్టం 115వ సెక్షన్ తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లని చాలా బెనిఫిట్స్ నుంచి పక్కన పెట్టింది. ఇమిగ్రేషన్ రూల్స్‌లో ‘పబ్లిక్ ఫండ్స్’ అంటే ఏమిటో ఒక జాబితా ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్లకిచ్చే నెలవారీ సాయం), చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ (వైకల్యం ఉన్నవాళ్లకి), కేరర్స్ అలవెన్స్, పెన్షన్ క్రెడిట్, కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్, కౌన్సిల్ ఇల్లు, ఇల్లు లేనివాళ్లకి కౌన్సిల్ చూపించే వసతి అందులో ముఖ్యమైనవి. జాబితాలో పేరుంటే పబ్లిక్ ఫండ్, లేకపోతే కాదు. ‘సర్కారు ఇస్తోంది కాబట్టి పబ్లిక్ ఫండే అయ్యుంటుంది’ అన్న ఊహ పనికిరాదు.

స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్, హెల్త్ అండ్ కేర్ వీసాలకి, వాళ్ల డిపెండెంట్లకి, బ్రిటిష్ పౌరుణ్ని పెళ్లి చేసుకుని వచ్చిన స్పౌజ్ వీసాకి మామూలుగా ఈ షరతు ఉంటుంది. ఇప్పుడు కార్డులు పోయాయి, అంతా ఈ-వీసానే. మీ యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) అకౌంట్‌లోకి వెళ్లి షరతుల దగ్గర ఏం రాసుందో ముందు చదువుకోండి. ‘మా ఫ్రెండుకి వచ్చింది’ అన్నది ఇక్కడ చెల్లదు. ఆ ఫ్రెండుకి స్థిర నివాస అనుమతి, అంటే ఐఎల్‌ఆర్ వచ్చి ఉండొచ్చు, మీకు తెలిసి ఉండకపోవచ్చు.

పిల్లల విషయంలో మనవాళ్లు పొరబడేది ఎక్కువగా అమెరికా కబుర్ల వల్ల. అక్కడ పుడితే పౌరసత్వం. ఇక్కడ 1983 జనవరి 1 తర్వాత ఆ పద్ధతి లేదు. పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, ఇక్కడ స్థిరపడినవాళ్లో అయితేనే బిడ్డ బ్రిటిష్. మనిద్దరం వర్క్ వీసా మీద ఉంటే మన బిడ్డకీ వీసానే. పైగా చైల్డ్ బెనిఫిట్ బిడ్డ పేరు మీద కాదు, తల్లి లేదా తండ్రి స్టేటస్ మీద నడుస్తుంది. ఇద్దరికీ ఆ షరతు ఉంటే అడగకూడదు.

కాన్పు: మెటర్నిటీ పే మేలా, మెటర్నిటీ అలవెన్స్ మేలా?

ఎక్కువమందికి పనికొచ్చేదీ, ఎక్కువమంది వదిలేసుకునేదీ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రెండూ పబ్లిక్ ఫండ్స్ కావు. రెండూ 39 వారాలు వస్తాయి. ఒకేసారి రెండూ రావు.

స్టాట్యుటరీ మెటర్నిటీ పే, అందరూ ఎస్‌ఎంపీ అంటారు, జీతం వేసినట్టే కంపెనీ ఇస్తుంది. డెలివరీ అంచనా వారానికి 15 వారాల ముందటికి, ఆ కంపెనీలో కనీసం 26 వారాలు ఏకబిగిన పనిచేసి ఉండాలి. 2025-26 లెక్కల ప్రకారం వారానికి సగటున 125 పౌండ్లయినా సంపాదిస్తుండాలి. మొదటి 6 వారాలు సగటు జీతంలో 90 శాతం ఇస్తారు. మిగతా 33 వారాలు వారానికి 187.18 పౌండ్లు లేదా 90 శాతం, ఏది తక్కువైతే అది. ఈ రేట్లు ఏటా ఏప్రిల్‌లో మారతాయి.

మెటర్నిటీ అలవెన్స్ కంపెనీ ఇచ్చేది కాదు, డీడబ్ల్యూపీ అనే సర్కారు బెనిఫిట్ల శాఖ ఇస్తుంది. డెలివరీకి ముందున్న 66 వారాల్లో మొత్తం కలిపి 26 వారాలు పనిచేసుంటే చాలు. ఒకే కంపెనీ అక్కర్లేదు, ఏకబిగిన కూడా అక్కర్లేదు. అందులో ఏవైనా 13 వారాల్లో వారానికి 30 పౌండ్లు వచ్చుండాలి. 39 వారాలూ, 2025-26 లెక్కన, వారానికి గరిష్ఠంగా 187.18 పౌండ్లే.

అదే 2025-26 రేట్లతో లెక్కేసి చూద్దాం. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు, గంటకి 12.21 పౌండ్లకి పనిచేసే అమ్మాయికి వారానికి 244.20 వస్తుంది. ఎస్‌ఎంపీ అయితే 39 వారాలకి మొత్తం సుమారు 7,495 పౌండ్లు. అలవెన్స్ అయితే 7,300. తేడా 195 పౌండ్లే, పైగా అలవెన్స్ మీద ట్యాక్స్ ఉండదు. అదే వారానికి 800 పౌండ్లు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ అమ్మాయికైతే ఎస్‌ఎంపీ 10,497 దాకా వెళ్తుంది, అలవెన్స్ 7,300 దగ్గరే ఆగుతుంది. జీతం పెద్దదైతే, కంపెనీ మారకుండా 26 వారాలు నిండేదాకా ఓపిక పట్టడం లాభం. గర్భం రాకముందో, వచ్చిన కొత్తలోనో ఉద్యోగం మారేవాళ్లు ఈ తేదీ ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోవాలి. ఏజెన్సీల్లో అక్కడికీ ఇక్కడికీ తిరిగే కేర్ వర్కర్లకి మాత్రం అలవెన్సే దిక్కు, అదేం తక్కువది కాదు.

ఎస్‌ఎంపీలో ఇంకో బలం ఉంది. ఆ 15వ వారం దాటాక ఉద్యోగం పోయినా కంపెనీ ఇవ్వాల్సిందే. కంపెనీ దివాళా తీస్తే ట్యాక్స్ శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఇస్తుంది. డెలివరీకి ఇండియా వెళ్లినా ఆగదు. అయితే అమ్మ చేతి వంట తింటూ అక్కడే ఉండిపోతే, ఐఎల్‌ఆర్ లెక్కలో 12 నెలల్లో 180 రోజుల పరిమితి ఒకటి ఉందని మరిచిపోకండి. స్కిల్డ్ వర్కర్లు మెటర్నిటీ లీవ్‌లో ఉన్నప్పుడు జీతం తగ్గినంత మాత్రాన వీసాకి ముప్పు రాదు, వీసా ఇప్పించిన కంపెనీకి, అంటే స్పాన్సర్‌కి ఆ మినహాయింపు ఉంది.

కంపెనీ ‘రాదు’ అంటే నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఇవ్వం అని నిర్ణయించిన 7 రోజుల్లో కారణం రాసి ఎస్‌ఎంపీ1 అనే ఫారం ఇవ్వాలి. నేను “అయితే ఎస్‌ఎంపీ1 ఇవ్వండి” అని ఒక్క మెయిల్ పెట్టాను. రెండు రోజుల్లో ఆవిడే ఫోన్ చేసి “చెక్ చేశాం, మీకు వస్తుంది” అన్నారు. ఒకవేళ నిజంగానే రాకపోతే, అదే ఫారం జతచేసి మెటర్నిటీ అలవెన్స్‌కి పెట్టుకోవచ్చు. అంటే ఆ కాగితం ఎటు తిరిగినా మనకే పనికొస్తుంది.

జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా

స్టాట్యుటరీ సిక్ పే కూడా పబ్లిక్ ఫండ్ కాదు. కంపెనీ ఇస్తుంది, 28 వారాల దాకా. అడిగితే స్పాన్సర్‌కి కోపం వస్తుందేమోనని జ్వరంతో షిఫ్టులకి వెళ్లేవాళ్లని చూశాను. కోపం సంగతి నేను చెప్పలేనుగానీ, వీసాకి మాత్రం దానివల్ల ఏమీ కాదు.

ఉద్యోగం పోతే న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్ ఉంది. గత రెండు ట్యాక్స్ సంవత్సరాల్లోనూ తగినంత నేషనల్ ఇన్సూరెన్స్ కట్టి ఉండాలి కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకి దొరకదు. దొరికినా 2025-26లో 25 ఏళ్లు నిండినవాళ్లకి వారానికి 92.05 పౌండ్లు, అదీ ఆర్నెల్ల వరకే. స్పాన్సర్ వీసా వాళ్లకి హోం ఆఫీస్ వీసా కుదించే ఉత్తరం పంపితే చేతిలో ఉండేది మామూలుగా 60 రోజులు. ఆ రోజుల్లో ఈ 92 పౌండ్ల వెంట పడటం కన్నా కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడమే తెలివైన పని. పెట్టుకుంటే మాత్రం ఒక జాగ్రత్త: జాబ్‌సెంటర్‌లో ‘దీంతోపాటు యూనివర్సల్ క్రెడిట్‌కి కూడా పెట్టేయండి’ అని మామూలుగా అనేస్తారు. వాళ్లు రోజూ అందరికీ చెప్పే మాటే అది. మీ వీసా షరతు వాళ్లకి గుర్తుండదు, మీకు గుర్తుండాలి.

భయపడకుండా వాడుకోవాల్సినవి

ఎన్‌హెచ్‌ఎస్ (సర్కారు వైద్యం) మనకి ఎవరూ దానం చేయట్లేదు. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులూ 18 లోపు పిల్లలూ అయితే 776 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జ్ ముందే కట్టి వస్తున్నాం. హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లకి అదీ మినహాయింపే. గర్భిణులకీ, కాన్పయ్యాక ఏడాది వరకూ మందుల చీటీలు, పళ్ల వైద్యం ఉచితం, మిడ్‌వైఫ్‌ని అడిగితే మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఇప్పిస్తారు. ఆదాయం తక్కువగా ఉన్న విద్యార్థులు హెచ్‌సీ1 ఫారం పెట్టుకుంటే ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకి కట్టే 9.90 పౌండ్లు తప్పుతాయి, కళ్లద్దాలకీ సాయం వస్తుంది. ఇది పబ్లిక్ ఫండ్ కాదు. యూనివర్సిటీ హార్డ్‌షిప్ ఫండూ, ఫుడ్ బ్యాంకూ కూడా పబ్లిక్ ఫండ్స్ కావు.

కౌన్సిల్ ట్యాక్స్ దగ్గర మాట తేడాతో పనంతా మారిపోతుంది. ‘రిడక్షన్’ పబ్లిక్ ఫండ్, ముట్టుకోకూడదు. ‘డిస్కౌంట్’, ‘ఎగ్జెంప్షన్’ కావు. ఒంటరిగా ఉంటే 25 శాతం డిస్కౌంట్ అడగొచ్చు. ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉన్న ఇంటికి ట్యాక్సే లేదు. మనవాళ్లకి అస్సలు తెలియని సంగతి ఇంకోటుంది: విద్యార్థి భార్య లేదా భర్త బ్రిటిష్ కాకుండా ఉండి, వీసా షరతు వల్ల బెనిఫిట్స్ తీసుకోలేని పరిస్థితిలో ఉంటే వాళ్లనీ ట్యాక్స్ లెక్కలోకి తీసుకోరు. డిపెండెంట్ ఉద్యోగం చేస్తున్నారు కదా అని ట్యాక్స్ వేసిన కౌన్సిళ్లకి ఈ నియమం చూపించి అడగొచ్చు.

బడి సంగతికొస్తే, ఇంగ్లండ్ సర్కారు బడుల్లో రిసెప్షన్ నుంచి ఇయర్ 2 దాకా (బడిలో మొదటి మూడు తరగతులు) మధ్యాహ్న భోజనం అందరికీ ఉచితమే. ఆ పై తరగతుల్లో కూడా ఆదాయం ఒక పరిమితి లోపు ఉంటే నో పబ్లిక్ ఫండ్స్ కుటుంబాల పిల్లలకి ఇస్తారు. కోవిడ్ రోజుల్లో తాత్కాలికంగా మొదలైన ఆ ఏర్పాటుని 2022లో శాశ్వతం చేశారు. నర్సరీలో 3, 4 ఏళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటలు వీసాతో పనిలేకుండా వస్తాయి. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటలు మాత్రం ఇద్దరికీ ఈ షరతు ఉంటే రావు. ఇద్దరం పనిచేస్తూ ట్యాక్సులు కడుతూ, పక్కింటివాళ్లకి వచ్చేది మనకి రాకపోవడం చూస్తే కడుపు మండుతుంది. నాకూ మండింది. నర్సరీ బిల్లు మాకు అద్దె తర్వాత పెద్ద ఖర్చు.

ఇల్లు గడవని స్థితి వస్తే: సెక్షన్ 17, చేంజ్ ఆఫ్ కండిషన్స్

ఈ రెండిటికీ ఉన్న తేడా తెలియక తిప్పలు పడేవాళ్లు చాలామంది. ఇంగ్లండ్‌లో 1989 చిల్డ్రన్ యాక్ట్ 17వ సెక్షన్ కింద, ఇంట్లో పిల్లలుంటే కౌన్సిల్ సోషల్ సర్వీసెస్ ఆ పిల్లల క్షేమం కోసం ఇల్లు, తిండి ఖర్చు చూడొచ్చు. ఇది పబ్లిక్ ఫండ్ కాదు. కౌన్సిల్ హౌసింగ్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే ‘మీకు రాదు’ అంటారు, అది నిజమే. మీరు వెళ్లాల్సింది చిల్డ్రన్స్ సర్వీసెస్‌కి. స్పాన్సర్ లైసెన్సు రద్దయి, పిల్లలతో రోడ్డున పడ్డ కేర్ వర్కర్ కుటుంబాలకి పనికొచ్చే దారి ఇదే. అసెస్‌మెంట్ అని ఇంటికొచ్చి బ్యాంకు స్టేట్‌మెంట్లు, తెలిసినవాళ్ల వివరాలు అన్నీ అడుగుతారు. ‘ఇండియా వెళ్లిపోండి, టికెట్ కొనిస్తాం’ అని కూడా అనొచ్చు. వీసా ఇంకా చెల్లుతుంటే ఆ మాట మొదటి రోజే ఒప్పేసుకోనక్కర్లేదు. పిల్లలు లేనివాళ్లకి ఈ దారి లేదు.

చేంజ్ ఆఫ్ కండిషన్స్ అంటే హోం ఆఫీస్‌నే అడిగి ఆ షరతు తీయించుకోవడం. ఫీజు లేదు. చేతిలో చిల్లిగవ్వ లేదనో, లేకుండా పోయే రోజు దగ్గర్లోనే ఉందనో, పిల్లల క్షేమం దెబ్బతింటోందనో కాగితాలతో చూపించాలి. కానీ ఇది ప్రధానంగా స్పౌజ్, పేరెంట్, ప్రైవేట్ లైఫ్ (ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నందుకు వచ్చేది) లాంటి దారుల్లో ఉన్నవాళ్ల కోసం. వర్క్, స్టూడెంట్ వీసాల వాళ్లకి మామూలుగా పనికిరాదు. వాట్సాప్ గ్రూపుల్లో ‘ఫారం నింపి పెడతాం’ అని 300 పౌండ్లు అడిగేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఆ షరతు తీసేసినవాళ్లకి కూడా అది ఊరికే రాదు. ఐదేళ్లకి ఐఎల్‌ఆర్ వచ్చే స్పౌజ్ దారిలో ఉన్నవాళ్లు తర్వాతి రెన్యువల్‌లో పదేళ్ల దారికి మారాల్సి రావచ్చు. దానికి తోడు, పబ్లిక్ ఫండ్స్ వాడుకున్నవాళ్లకి స్థిర నివాసం ఐదేళ్లో, పదేళ్లో ఆలస్యం చేయాలని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. అందుకే నా అభిప్రాయం: పిల్లలుండి కష్టం తాత్కాలికమైతే ముందు సెక్షన్ 17 తలుపు తట్టండి. స్పౌజ్ వీసా మీద ఉండి, ఇది నెల రెండు నెలల్లో తీరే కష్టం కాదని తేలితే చేంజ్ ఆఫ్ కండిషన్స్‌కి వెళ్లండి, లాయర్‌ని కలిశాకే.

భర్త కొడుతుంటే

ఇక్కడ లెక్కలు వేరు, తొందరా వేరు. ‘నువ్వు నన్ను వదిలితే నీ వీసా పోతుంది, పైసా రాదు’ అని బెదిరించడం మన ఇళ్లలో కూడా జరుగుతోంది. మైగ్రెంట్ విక్టిమ్స్ ఆఫ్ డొమెస్టిక్ అబ్యూజ్ కన్సెషన్ అని ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో ఈ పేరుతో వచ్చింది. మూడు నెలల వీసా, పబ్లిక్ ఫండ్స్‌తో సహా ఇస్తుంది. ఫీజు లేదు. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్ ఉంటేనే చాలా రెఫ్యూజుల్లో (ఆడవాళ్లు తలదాచుకునే ఇళ్లలో) గది దొరుకుతుంది కాబట్టి ఆ మూడు నెలలు ప్రాణాధారం.

భర్త బ్రిటిష్ లేదా ఐఎల్‌ఆర్ ఉన్నవాడైతే, ఆ మూడు నెలల్లో సొంతంగా ఐఎల్‌ఆర్‌కి పెట్టుకోవచ్చు. నా మాట వింటే ఆలోచించకుండా పెట్టండి. భర్త స్కిల్డ్ వర్కరో, విద్యార్థో అయితే మూడు నెలలు వస్తాయిగానీ, ఆ తర్వాత ఐఎల్‌ఆర్ దారి లేదు. ఇంకో వీసాకి మారాలి, లేదా వెళ్లిపోవాలి. పైగా ఈ కన్సెషన్ వచ్చిన క్షణం ఉన్న డిపెండెంట్ వీసా పోతుంది. డిపెండెంట్ వీసా ఇంకా రెండేళ్లు ఉండి, చేతిలో ఉద్యోగం ఉన్న అమ్మాయికి, ఇల్లు విడిచి రాగలిగితే, కన్సెషన్ కన్నా సొంత స్పాన్సర్ వెతుక్కోవడం మేలు కావచ్చు. వెళ్లడానికి చోటు లేనప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ వేసుకోవద్దు, ముందు బయటపడాలి. గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247 నంబరుకి 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంస్థ వాళ్లు ఈ షరతు ఉన్న ఆడవాళ్ల కోసం కూడా ఏళ్లుగా పనిచేస్తున్నారు.

ఒకరికి ఉండి, ఇంకొకరికి లేకపోతే

భర్తకి ఐఎల్‌ఆర్ వచ్చి భార్యకి రాని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అలాంటప్పుడు అర్హత ఉన్నవాళ్లు తమ పేరు మీద చైల్డ్ బెనిఫిట్, 30 గంటల నర్సరీ అడగొచ్చు. యూనివర్సల్ క్రెడిట్ అయితే భార్య ఉందని ఫారంలో చెప్పాలి, కానీ డబ్బు ఒంటరి మనిషి లెక్కనే ఇస్తారు. భార్య ఉన్నందుకు అదనంగా ఒక్క పౌండు వచ్చినా అది ఆమె వీసా షరతు ఉల్లంఘన కిందికి వస్తుంది. ఉల్లంఘన అంటే డబ్బు వెనక్కి కట్టడంతో పోదు. తర్వాతి వీసా తిరస్కరించొచ్చు, ఉన్న వీసా కుదించొచ్చు.

సలహా ఎవర్ని అడగాలంటే, బెనిఫిట్స్ సంగతికి సిటిజన్స్ అడ్వైస్ ఉచితం. వీసా సంగతికి మాత్రం సొలిసిటరో, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారో కావాలి. పాతవాళ్లు ఓఐఎస్‌సీ అంటారు, 2025 జనవరిలో దాని పేరు మారింది. నమోదు లేకుండా సలహా అమ్మడం ఇక్కడ నేరం. ‘మన ఊరాయనే’ అన్నది నమోదు కింద రాదు.

గుంటూరు వాళ్ల సంగతి చెప్పలేదు కదా. మూడు నెలలు డబ్బు పడ్డాక ఎవరో చెబితే తెలిసింది, ఆ రాత్రంతా వాళ్లకి నిద్ర లేదట. తెల్లారి ఫోన్ చేసి పొరపాటైందని చెప్పి ఆపించారు, వచ్చిందంతా తిరిగి కట్టేశారు. ఎప్పుడు చెప్పారో, ఎంత కట్టారో తేదీలతో ఉన్న ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నారు. రెన్యువల్ అప్లికేషన్‌లో అది దాచకుండా రాసి, ఆ ఫైలు కూడా జత చేయమని లాయర్ చెప్పారట. రెన్యువల్ వచ్చే మార్చిలో.